10వ నంబరు సూదితో అల్లిన చంటిపిల్ల స్వెట్టర్ ఎందుకంత వెడల్పయింది?

తర్వాత చదివేవారి కోసం ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. అడిగినావిడ ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఢిల్లీలో ఉన్న చెల్లెలికి డిసెంబరులో కాన్పు. పుట్టబోయే బిడ్డ కోసం అత్తగారి పాత నోటుపుస్తకం చూసి, నాలుగు పురుల యాక్రిలిక్ ఊలుతో స్వెట్టర్ మొదలుపెట్టారు. వెనుక భాగానికి 64 కుట్లు వేయమని పుస్తకంలో ఉంది, అలాగే వేశారు. 23 సెంటీమీటర్లు రావలసిన వెడల్పు 35 దాటింది, బట్ట నిండా కన్నాలు. అంచులు చుట్టుకుపోతున్నాయి, ఇస్త్రీ చేసినా ఆగడం లేదు. పైగా ఒక వరుస విడిచి ఒక వరుస కుట్లు మెలిపడినట్టు కనిపిస్తున్నాయి. "నా చేతి బిగువే సరిగ్గా లేదా? వెదురు సూదులు కొంటే బాగుపడుతుందా?" అన్నది ఆవిడ ప్రశ్న.

మీ చేతిలో లోపమేమీ లేదమ్మా. వెదురు సూదులు కొన్నా ఇదే జరిగేది. మీకు వచ్చిన మూడు ఇబ్బందులకూ కారణాలు వేరు వేరు, మూడూ ఆ అల్లిన ముక్క మీదే కనిపిస్తున్నాయి. మల్లేశ్వరంలో మా ఇంటికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు కూడా నేను మొదట చెప్పేది ఇదే: వీడియో ఆపండి, పుస్తకం పక్కన పెట్టండి, చేతిలో ఉన్న బట్టను చూడండి.

ముందు సూది సంగతి. నోటుపుస్తకంలో "అంచు పట్టీ 12వ నంబరు, ఒళ్లు 10వ నంబరు" అని ఉందన్నారు. 12 ఎక్కడా దొరకక పట్టీ మానేశారు. 10 మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించి నేరుగా ఒళ్లు మొదలుపెట్టారు. జవాబు ఇక్కడే ఉంది. పట్టీ ఒంటికి పట్టి ఉండాలి కాబట్టి దాన్ని ఎప్పుడూ ఒళ్లు అల్లే సూదికంటే సన్న సూదితోనే అల్లుతారు. అంటే ఆ పుస్తకం లెక్కలో 12 అన్నది 10 కంటే సన్నం. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడే లెక్క పాత బ్రిటిష్ లెక్క. అది తీగ మందం కొలిచే గేజి నుంచి వచ్చింది. ఇంట్లో వైరింగ్ చేయించినవాళ్లకు తెలిసే ఉంటుంది, గేజి నంబరు పెద్దదైతే తీగ సన్నం. మన దేశంలో పాత పుస్తకాలు, పత్రికల కత్తిరింపులు, అమ్మల నోటుపుస్తకాలు దాదాపు అన్నీ ఈ లెక్కలోనే ఉంటాయి. అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75.

అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది. అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్లు, 10 అంటే 6. మీకు వచ్చినవి ఇవే. 12 దొరకకపోవడానికీ కారణం అదే, ఆ వరుసలో మామూలుగా 11 తర్వాత 13 వస్తుంది. 3.25తో అల్లవలసిన ఊలును 6 మిల్లీమీటర్ల సూదితో అల్లితే కన్నాలు కాక ఇంకేం వస్తాయి?

లెక్క వేసి చూడండి. నాలుగు పురుల ఊలు 3.25 సూది మీద మామూలుగా 10 సెంటీమీటర్లకు 28 కుట్లు ఇస్తుంది. 64ను 2.8తో భాగిస్తే దాదాపు 23. మీరు చెప్పిన వెడల్పును బట్టి మీకు 10 సెంటీమీటర్లకు 18 కుట్లే పడ్డాయి. 64ను 1.8తో భాగిస్తే 35.5. వెనుకా ముందూ కలిపితే 71 సెంటీమీటర్ల చుట్టుకొలత, అంటే వెడల్పులో మూడో తరగతి పిల్లవాడి స్వెట్టర్. కాబట్టి కొనేటప్పుడు నంబరు అడగకండి, మిల్లీమీటర్లు అడగండి. దుకాణంలో మిల్లీమీటర్లు తెలియవంటే, కన్నాల పలక ఒకటి దొరుకుతుంది, సూదిని దూర్చి కొలిచే చిన్న ప్లాస్టిక్ పలక. అది మీ సంచిలో ఉంటే ఏ అత్తగారి సూదులనైనా నిమిషంలో తేల్చుకోవచ్చు.

అయితే సరైన మిల్లీమీటర్ల సూది కొన్నంత మాత్రాన కొలత కుదురుతుందని నమ్మకండి. 3.25 అని పుస్తకం రాసింది రాసినావిడ చేతికి. మీ చేయి కాస్త సడలుగా ఉంటే 28కి బదులు 26 పడవచ్చు. తేడా రెండు కుట్లే కదా అనిపిస్తుంది. ముందూ వెనుకా కలిపి 128 కుట్ల మీద అది మూడున్నర సెంటీమీటర్లు. అందుకే నమూనా ముక్క. ఎవరూ అల్లడానికి ఇష్టపడరు, అందరూ రెండు అంగుళాలు అల్లి సరిపెట్టుకుంటారు, నాకు అది అసలు నచ్చదు. 40 కుట్లు వేయండి. రెండు పక్కలా నాలుగేసి కుట్లు ప్రతి వరుసలోనూ నిట్ (మీ వైపు వి ఆకారం కనిపించే కుట్టు) చేయండి, మధ్యవి ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ (మీ వైపు బుడిపె కనిపించే కుట్టు). ముక్క చదరంగా వచ్చేదాకా అల్లి, ముగించి, గోరువెచ్చని నీళ్లలో ఉతికి, తువ్వాలు మీద పరచి ఆరనివ్వండి. ఆరిన తర్వాత మధ్యలో స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కించండి. అర కుట్టును కూడా వదలకండి. ఎక్కువ పడితే లావు సూదికి, తక్కువ పడితే సన్న సూదికి మారండి. చేతిని బిగించి అల్లి సరిచేద్దామని మాత్రం చూడకండి. మొదటి అరగంట బిగువుగా అల్లుతారు, టీవీలో ఏదో రాగానే చేయి మళ్లీ తన దారిన పోతుంది.

ఇక మెలిపడిన కుట్లు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే. మీ అమ్మమ్మగారిది నరసాపురం అనీ, ఆవిడ దగ్గర చిన్నప్పుడు లేసు అల్లడం నేర్చుకున్నాననీ మాటవరసకు రాశారు. మాటవరసకు కాదు, కారణమే అది. లేసులో దారం ఎడమ చేతి వేళ్ల మీద ఉంటుంది, కుడి చేతి కొక్కెంతో దాన్ని లాగుతారు. ఆ అలవాటుతో మీరు ఊలును కూడా ఎడమ చేత్తోనే పట్టుకుని ఉంటారు. అది తప్పేమీ కాదు, జర్మనీలో అలాగే అల్లుతారు, వేగంగా కూడా సాగుతుంది. నిట్ కుట్టు ఆ చేతికి చక్కగా కుదురుతుంది. పర్ల్ దగ్గరికి వచ్చేసరికి సూది చుట్టూ దారం తిప్పడం కష్టంగా ఉండి, కొక్కెంతో లాగినట్టే సూది మొనతో దారాన్ని కింది నుంచి గీరుకుని లాగేస్తారు. కుట్టు పడుతుంది. అయితే దారం మామూలుగా తిరిగే దిక్కుకు ఎదురు దిక్కులో తిరుగుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే ఒక పర్ల్ వరుస అల్లి, ముక్కను తిప్పి, నిట్ వరుస మొదలుపెట్టే ముందు ఆగండి. ఎడమ సూది మీద మొదటి ఉచ్చును కాస్త పక్కకు జరిపి చూడండి. ప్రతి ఉచ్చుకూ రెండు కాళ్లు ఉంటాయి, ఒకటి సూదికి ముందు, మీ వైపు. ఇంకొకటి సూదికి వెనుక. మామూలు పద్ధతిలో అల్లినదైతే కుడి కాలు ముందు ఉంటుంది. మీ ఉచ్చుల్లో కుడి కాలు వెనక్కి పోయి, ఎడమ కాలు ముందుకు వచ్చి ఉంటుంది. అలా ఉన్నదాన్ని వీడియోలో చెప్పినట్టు ముందు కాలులోకి సూది గుచ్చి అల్లితే రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి పడి మెలి తిరుగుతుంది. నిట్ వరుసలో మీ చేయి దారాన్ని సరిగ్గానే తిప్పుతోంది కాబట్టి ఆ వరుస ఉచ్చులు సవ్యంగా ఉన్నాయి. అందుకే ఒక వరుస విడిచి ఒక వరుస మెలి. రెండు వరుసల్లోనూ మెలి ఉంటే కారణం వేరే చోట వెతకవలసి వచ్చేది.

విరుగుడు రెండు రకాలు. పర్ల్ వేసేటప్పుడు దారాన్ని సూది మీద నుంచి మీ వైపుకు దించుతూ తిప్పడం అలవాటు చేసుకోవడం ఒకటి. లేదంటే పర్ల్‌ను మీ పద్ధతిలోనే ఉంచుకుని, నిట్ వరుసలో వెనుక కాలులోకి గుచ్చడం. చాలామంది టీచర్లు మొదటిదే సరైనదని పట్టుబడతారు. నేను మీకు రెండోదే చెబుతాను. చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చేతిని ఈ మూడు నెలల్లో మార్చబోతే బిగువు చెడుతుంది, పని ముందుకు సాగదు. పైగా మీ పద్ధతి పర్ల్‌కు దారం తక్కువ పడుతుంది కాబట్టి పర్ల్ వరుసలు సడలిపోవు. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: కుడి కాలు ఎక్కడ ఉంటే అందులోకే గుచ్చాలి, ముందు ఉంటే ముందుకు, వెనుక ఉంటే వెనక్కి. పట్టీ అల్లేటప్పుడు నిట్, పర్ల్ పక్కపక్కనే వస్తాయి, అక్కడ కూడా ఇదే సూత్రం పని చేస్తుంది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. చంకల దగ్గర, మెడ దగ్గర రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లుతూ తగ్గించాలి. ఆ తగ్గింపు కుడికి వాలుతుందా, ఎడమకు వాలుతుందా అన్నది ఉచ్చు ఎటు తిరిగి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. పుస్తకం రాసినావిడ కుడి కాలు ముందున్న ఉచ్చులను దృష్టిలో పెట్టుకుని రాశారు. కాబట్టి తగ్గించే ముందు ఆ రెండు ఉచ్చులనూ ఒక్కొక్కటిగా కుడి సూది మీదికి తీసుకుని, కుడి కాలు ముందుకు వచ్చేలా తిప్పి మళ్లీ ఎడమ సూది మీద పెట్టండి. ఆ తర్వాత పుస్తకం చెప్పినట్టే చేయండి.

హిందీ వీడియోలు చూస్తే సీధా, ఉల్టా అనేవి ఈ నిట్, పర్ల్‌లే. పాత పుస్తకాల్లో నిట్‌ను ప్లెయిన్ అని రాస్తారు.

అంచులు చుట్టుకోవడం గురించి మీరు అనవసరంగా బెంగపడ్డారు. ఇంట్లో చిరిగిన టీషర్టు ఉంటే కింది మడత కత్తిరించి, కత్తిరించిన అంచును రెండు చేతులతో లాగి వదలండి. వెంటనే చుట్టుకుంటుంది. తిరుప్పూరులో యంత్రం మీద తయారైన ఆ బట్ట కూడా అల్లికే. 1589లో ఇంగ్లండులో విలియం లీ కనిపెట్టిన మేజోళ్ల యంత్రం అల్లినవీ ఇలాంటి ఉచ్చుల వరుసలే. టీషర్టు బయటివైపును భూతద్దంతో చూడండి, సన్నటి వి ఆకారాలు నిలువు వరుసల్లో కనిపిస్తాయి. లోపలివైపు అడ్డంగా బుడిపెలు. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ అల్లితే మీకూ అదే వస్తుంది. వంచిన దారం తిరిగి సాగాలని చూస్తుంది. ఒక ముఖం మీద అంతా వి, రెండో ముఖం మీద అంతా బుడిపె అయినప్పుడు ఆ లాగుడుకు ఎదురు లాగేది ఉండదు. అందుకే పక్క అంచులు వెనక్కి, పైనా కిందా అంచులు ముందుకు చుట్టుకుంటాయి. అది ఆ అల్లిక స్వభావం, మీ తప్పు కాదు.

రెండు ముఖాల మీదా నిట్, పర్ల్ సమంగా పడితే చుట్టుకోదు. ప్రతి వరుసా నిట్ చేసినా, ఒకటి నిట్ ఒకటి పర్ల్ చొప్పున పట్టీ వేసినా బట్ట చదునుగా నిలుస్తుంది. మీ పుస్తకంలో కింద రెండు అంగుళాల పట్టీ వేయమన్నది అందుకే, దాన్ని మానేసినందుకే కింది అంచు పైకి లేచింది. పక్క అంచులు ఎలాగూ కుట్టులోకి పోతాయి, వాటిని వదిలేయండి.

ఇస్త్రీ పెట్టె మాత్రం దయచేసి మళ్లీ తీయకండి. యాక్రిలిక్ వేడికి మెత్తబడి, సాగే గుణం పోయి వాలిపోతుంది, మళ్లీ కోలుకోదు. మీరు ఇస్త్రీ చేసింది కింది అంచునే అన్నారు కాబట్టి నష్టం కొద్దిదే. ఊడదీయడం ఎప్పుడూ పై నుంచి, సూది ఉన్న వైపు నుంచి మొదలవుతుంది. కింది అంచు చివర్లో వస్తుంది. అక్కడికి రాగానే దారం కత్తిరించి ఆ ముక్క పారేయండి. మిగతా దారాన్ని కుర్చీ వీపు చుట్టూ చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడివేసి, నీళ్లలో ముంచి నీడలో వేలాడదీయండి. వంకరలు చాలావరకు పోతాయి. అవును, మొత్తం ఊడదీయవలసిందే. 71 సెంటీమీటర్ల దాన్ని ఏ మడతా కాపాడలేదు.

ఊలు గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. పట్టీకి, ఒంటికి, టోపీకి కలిపి 150 గ్రాములు ఒకేసారి తీసుకోండి. చుట్టు కాగితం మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు ఉంటుంది, అన్ని ఉండలకూ అదే లాట్ ఉండాలి. దుకాణం దీపం కింద ఒకటే రంగు అనిపించేవి ఎండలో రెండు రంగులవుతాయి. చిక్‌పేట వెళ్తే ఉండను బుగ్గకో మెడకో ఆనించి చూడండి, గుచ్చుకుంటే బిడ్డకు పనికిరాదు. నూగు లేచే మోహెయిర్ లాంటివి వద్దు, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఢిల్లీ జనవరి రాత్రులకు ఊలు కావాలి గానీ, మన బెంగళూరు చలికి, అంతకంటే చెన్నైకి, నూలు దారమే హాయి. ఎండ దేశంలో అల్లికలేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. ఇప్పటిదాకా దొరికిన అతి పాత అల్లికల్లో ఈజిప్టు నూలు మేజోళ్లు ఉన్నాయని వాళ్లకు చెప్పండి. ఒకటి మాత్రం తెలుసుకోండి, నూలు ఊలులా సాగి వెనక్కి రాదు. ఊలు కోసం రాసిన పట్టీని నూలుతో అల్లితే కొన్ని ఉతుకులకే వదులైపోతుంది.

వెదురు సూదుల ప్రశ్నకు వస్తే, చేతులు చెమటపట్టేవాళ్లకూ, ఉచ్చులు జారిపోతున్నాయనుకునే కొత్తవాళ్లకూ వెదురూ చెక్కా మంచివే, ఉచ్చును కాస్త పట్టి ఉంచుతాయి. మీ చేయి సన్నటి ఉక్కు కొక్కేనికి అలవాటు పడింది, లోహపు సూదులే మీకు హాయిగా ఉంటాయని నా అంచనా. పోనీ అనే కంపెనీ అల్యూమినియం సూదుల జత తక్కువ ఖర్చుతో పోతుంది. డబ్బు పెట్టదలచుకుంటే పొడుగు సూదులు వదిలి, రెండు మొనల మధ్య తీగ ఉన్న వలయపు సూది కొనండి, 80 సెంటీమీటర్లది. దాని మీద అటూ ఇటూ తిప్పుతూ చదును ముక్కలు కూడా అల్లవచ్చు. బరువు ఒడిలో ఉంటుంది, బస్సులో పక్కవాళ్లకు మోచేయి తగలదు. తర్వాత ఇష్టం పెరిగితే జైపూర్ నిట్‌ప్రో వాళ్ల మొనలు మార్చుకునే చెక్క సూదుల పెట్టె గురించి ఆలోచించవచ్చు. మొదటి స్వెట్టర్‌కు అదంతా అక్కర్లేదు. 2.75 ఒకటి, 3.25 ఒకటి చాలు.

కొలత గురించి ఇంకొక మాట. పుట్టిన బిడ్డ ఛాతీ దాదాపు 33 సెంటీమీటర్లు ఉంటుంది. మీ పుస్తకం లెక్క 46 దగ్గరకు వస్తుంది. పెద్దదని భయపడి తగ్గించకండి, లోపల ఇంకో చొక్కా ఉంటుంది, బిడ్డ చలికాలమంతా పెరుగుతూనే ఉంటుంది. మెడ దగ్గర మాత్రం ముగింపు వరుసను లావు సూదితో వదులుగా వేయండి, పిల్లల తల పెద్దది. భుజం మీద రెండు బొత్తాలు పెట్టుకుంటే ఇంకా నయం. మెడకు రిబ్బను, తాడు వద్దే వద్దు.

మొదటి వరుస కుట్లు వేయడానికి బొటనవేలి మీద ఉచ్చు తిప్పి సూదికి ఎక్కించే పద్ధతి వాడినట్టున్నారు, అది సాగిపోతుంది. రెండు కొసల పద్ధతి నేర్చుకోండి. తోకగా వదలవలసిన దారం ముక్క వెడల్పుకు మూడు రెట్లు, ఆ పైన ఒక జానెడు. జారిన కుట్టు ఎక్కించడానికి మీ దగ్గర లేసు కొక్కేలు ఉంటాయి గానీ అవి మరీ సన్నం, పురులను చీలుస్తాయి. 3 మిల్లీమీటర్ల కొక్కెం ఒకటి తీసుకోండి.

వెనుక భాగంతో కాకుండా స్వెట్టర్ చేయి ముక్కతో మొదలుపెట్టండి. చిన్న ముక్క, కొలత తప్పినా ఒక సాయంత్రంలో ఊడదీయవచ్చు. కుదిరితే అదే రెండో నమూనా ముక్క అవుతుంది. పట్టీ అయిపోయి ఒళ్లు అల్లిక ఒక పది వరుసలు సాగాక, పర్ల్ వరుస ముగించి ముక్కను తిప్పి పగటి వెలుగులో ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మొత్తం ముక్క కాదు, సూది మీది ఉచ్చుల కాళ్లు కనిపించేంత దగ్గర నుంచి.